టీచరమ్మకు ఉత్తరాలు: పదిహేడేళ్ళ వయసుల యుద్ధమొస్తే

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగానికి ఎక్కువ ఒక్క ముచ్చట మీదనే ఉన్నయ్. 2025 మే 7న హైదరాబాద్‌ల సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి దగ్గర సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేసిన్రు కదా, అప్పటి సంది మన వరంగల్, కరీంనగర్ దిక్కు పిల్లల తలకాయలల్ల యుద్ధం అనే మాట తిరుగుతనే ఉంది. నేను ముప్పై యేండ్లు పదో తరగతికి సోషల్ చెప్పిన. పుస్తకంల రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఉంటది, ఎవరు గెలిచిన్రు, ఏ ఒప్పందం మీద సంతకాలయినయ్ అన్నీ ఉంటయ్, గానీ ఆ యేడు బళ్ళె ఆఖరి సంవత్సరం చదివే పిల్లలు ఏం చేసిన్రు అనేది మాత్రం ఉండది. పిల్లలు అడిగేది అదే. అందుకని ఈసారి కొన్ని ఉత్తరాలే తీసుకొని ఒక్కోదానికి కొంచెం పొడుగ్గ రాస్తున్న. ఎవ్వరి పేర్లూ వెయ్యలే, ఊర్లు మాత్రం వేసిన.

ప్రశ్న: మేడం నమస్తే. నేను ఇంటర్ సెకండియర్. ఫోన్ తెరిస్తె చాలు కూలిపోయిన బిల్డింగులు, మంటలు, అందుల బళ్ళు కూడా ఉంటున్నయ్. మాకు ఇక్కడ హాల్‌టికెట్ ఒక్కరోజు లేటయితేనే టెన్షన్. అక్కడ మా వయసోళ్ళకు ఫైనల్ పరీక్షలుంటయా అసలు? లేకుంటె వాళ్ళ ఇయర్ మొత్తం పోయినట్టేనా?
– పరకాల

జవాబు: బిడ్డా, ఈ ప్రశ్న నువ్వు అడిగినందుకు నాకు మస్తు సంతోషమైంది, ఎందుకంటె ఆ వీడియోలు చూసి బాంబు పేరేంది, విమానం స్పీడెంత అని అడిగేటోళ్ళే ఎక్కువ, అండ్ల ఉన్న పిల్లగాని హాల్‌టికెట్ ఏమైంది అని అడిగినోనివి నువ్వొక్కనివే.

ఉక్రెయిన్ సంగతి చెప్త. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది, అంటే వాళ్ళ స్కూల్ ఫైనల్ పరీక్షలకు ముంగట. ఎప్పటిలెక్క ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రోజు పెట్టే పరిస్థితి లేదు, అందుకని ఆ యేడు ఉక్రెయిన్ భాష, లెక్కలు, వాళ్ళ దేశ చరిత్ర మూడూ కలిపి ఒక్క రోజే కంప్యూటర్ మీద రాసే పరీక్ష తయారు చేసిన్రు. దేశమిడిచి పోయిన పిల్లల కోసం వేరే దేశాలల్ల గూడ సెంటర్లు పెట్టిన్రు. పరీక్ష నడుస్తుండగ సైరన్ మోగిందనుకో, ఎక్కడిదక్కడ ఆపి అందరూ కిందికి షెల్టర్‌లకు దిగాలె, క్లియర్ అని చెప్పినంక మళ్ళొచ్చి కూసొని మిగిలింది రాయాలె. మరీ ఎక్కువసేపు పడితే ఇంకో రోజు అవకాశం ఇస్తరు. మన ఇన్విజిలేటర్ పది నిమిషాలే ఉంది అని చెప్తేనే చేతులు వణుకుతయ్ కదా, వాళ్ళు సగం లెక్క చేసి బంకర్ల కూసొని అది యాదికుంచుకొని మళ్ళొచ్చి పూర్తి చేసిన్రు.

ఖార్కివ్ అని పెద్ద సిటీ ఉంది, రష్యా బార్డర్‌కు సుమారు 30 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు వరంగల్ నుంచి మీ పరకాల ఎంతో అంత. అంత దగ్గర కాబట్టి మిసైల్ పడేదాకా సైరన్ మోగని రోజులు గూడ ఉంటయ్. భూమి మీద బడి నడపలేమని 2023 సెప్టెంబర్‌ల మెట్రో స్టేషన్లల్ల క్లాసురూములు కట్టిన్రు, వెయ్యి మందికి పైగ పిల్లలు అండ్ల చదివిన్రు. పక్క నుంచి రైళ్ళు పోతుంటయ్, ఇటు పాఠం నడుస్తుంటది. తర్వాత 2024 మే నెలల బడి కోసమనే భూమి లోపల ఒక బిల్డింగ్ కట్టి తెరిచిన్రు. ఆ ఊర్లనే 134వ నంబర్ బడి యుద్ధంల కూలిపోయింది. 2022 జూన్‌ల ఆ బడి ఆఖరి క్లాసు పిల్లలు ఆ కూలిన గోడల ముంగట నిలబడి వాల్ట్జ్ డాన్స్ చేసిన్రు. మనకు ఫేర్‌వెల్ పార్టీ ఎట్లనో వాళ్ళకు ఆ డాన్స్ అట్ల, యేడాది పొడుగూత ప్రాక్టీస్ చేస్తరు. బడి లేకున్నా డాన్స్ మాత్రం ఇడిచిపెట్టలే.

ఫేర్‌వెల్ అంటే ఇంకోటి యాదికొచ్చింది. 1941 జూన్ 21 శనివారం, సోవియట్ దేశంల చానా బళ్ళల్ల ఆఖరి క్లాసోళ్ళు పాస్ అయిన సంబురం చేసుకున్న రాత్రి. రాత్రంతా తిరిగి తెల్లారి సూర్యుని చూసి ఇంటికొచ్చుడు వాళ్ళ అలవాటు. ఆ తెల్లారే, జూన్ 22 పొద్దుగాల, హిట్లర్ సైన్యం వాళ్ళ మీద పడ్డది. ఆ బ్యాచ్ పిల్లగాళ్ళల్ల ఎంతమంది తిరిగొచ్చిన్రు అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కడుపుల దేవినట్టయితది. క్లాసుల ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు గూడ సప్పుడు చెయ్యకపోయేటియి.

ఇయర్ పోతదా అన్నవు. కొందరికి పోతది, నేను అబద్ధం చెప్పను. గాజాల 2024ల తౌజీహీ అనే స్కూల్ ఫైనల్ పరీక్ష సుమారు 39 వేల మంది రాయలేకపోయిన్రు, బళ్ళు కూలినయ్, కూలకుండ మిగిలిన వాటిల ఇండ్లు పోయినోళ్ళు తలదాచుకున్నరు. అది లేకుంటె కాలేజీల చేరలేరు, మన ఇంటర్ మెమో లెక్కనే. రెండో ప్రపంచ యుద్ధంల పోలండ్‌ల జర్మనోళ్ళు పోలిష్ పిల్లల హైస్కూళ్ళు, యూనివర్సిటీలు మూసేసిన్రు, చిన్న బళ్ళు, చేతిపని బళ్ళు తప్ప ఏం చదవొద్దన్నరు. అప్పుడు టీచర్లు ఇండ్లల్ల, వంటింట్ల, ఐదారుగురిని కూసోబెట్టుకొని దొంగచాటుగ పాఠాలు చెప్పిన్రు, దొరికితే క్యాంపుకో చావుకో పోవుడే. మన ఇంటర్ లాంటి పరీక్ష గూడ అట్లనే ఎవరింట్లనో పెట్టిన్రు, యుద్ధం అయిపోయినంక ఆ సర్టిఫికెట్లు చెల్లినయ్. ప్రాణం మీదికొచ్చిన టైంల పరీక్ష ఎందుకు పెట్టిన్రు అని నువ్వు అడగొచ్చు. పిల్లగానికి పరీక్ష తారీఖు చెప్పినమంటే నువ్వు ఆ రోజుదాకా ఉంటవు, ఆ తర్వాత గూడ ఉంటవు అని చెప్పినట్టు బిడ్డా. నేనైతే గట్లనే అనుకుంట.

ప్రశ్న: మేడం, నేను పదో తరగతి. మా క్లాసుల అబ్బాయిలు యుద్ధమొస్తే మేం పోతం మీరు ఇంట్ల కూసొని ఏడుస్తరు అంటున్నరు. నిజంగ యుద్ధంల అమ్మాయిలకు ఏం కాదా?
– జమ్మికుంట

జవాబు: చెల్లే, ఆ అబ్బాయిలకు ఒకినావా సంగతి చెప్పు. జపాన్‌కు దక్షిణం దిక్కున్న దీవి అది. అక్కడ ఆడపిల్లల హైస్కూల్ ఒకటి, టీచర్ ట్రైనింగ్ బడి ఒకటి పక్కపక్కన ఉండేటియి, రెండిట్ని కలిపి హిమెయురి అనేటోళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంల అమెరికా సైన్యం ఆ దీవి మీదికొస్తుంటే, 1945 మార్చి 23 రాత్రి ఆ పిల్లలను 222 మందిని, 18 మంది టీచర్లను జపాన్ ఆర్మీ హాస్పిటల్ల పనికి తీసుకపోయిన్రు. పిల్లలు ఏమనుకున్నరంటే కొన్ని రోజులల్ల అయిపోతది, మళ్ళ బడికి వస్తం అనుకున్నరు, అందుకని సంచులల్ల పుస్తకాలు, పెన్సిళ్ళు గూడ పెట్టుకొని పోయిన్రు.

హాస్పిటల్ అంటే మన వరంగల్ ఎంజీఎం దవాఖాన లెక్క బిల్డింగ్ కాదు, గుట్టల తవ్విన సొరంగాలు. చీకటి, బురద, గాలాడది. దెబ్బలు తగిలిన సిపాయిల పుండ్లకు పట్టిన పురుగులు తీసుడు, కోసేసిన కాళ్ళు చేతులు బయట పారేసి వచ్చుడు, శవాలు పూడ్చుడు, బాంబులు పడుతుండగ బయటికురికి నీళ్ళు, అన్నం తెచ్చుడు, ఇవి పదిహేను నుంచి పంతొమ్మిదేండ్ల ఆడపిల్లలు చేసిన్రు. మార్చి 29 రాత్రి ఆ ఆఖరి క్లాసోళ్ళకు గ్రాడ్యుయేషన్ చేసిన్రు, ఎక్కడో తెలుసా, ఒక షెడ్డుల, కొవ్వొత్తి వెలుగుల, బయట షెల్స్ పడుతుండగ. జూన్ 18న ఇగ మీ ఇష్టం ఎటన్న పొండి అని ఆర్డర్ వేసిన్రు, చుట్టూ యుద్ధం, ఎటు పోతరు? చనిపోయినోళ్ళల్ల ఎక్కువ మంది ఆ తర్వాతి కొన్ని రోజులల్లనే పోయిన్రు. మొత్తం 240 మందిల 136 మంది తిరిగి రాలే. బతికినోళ్ళు చానా యేండ్లు నోరు తెరవలేకపోయిన్రు, 1989ల అక్కడ ఒక మ్యూజియం తెరిచి, ముసలోళ్ళయినంక గూడ తామే నిలబడి వచ్చినోళ్ళకు చెప్పిన్రు. చనిపోయిన పిల్లల ఫొటోలు ఒక్కొక్కటి పెట్టిన్రు అండ్ల.

హిరోషిమాల గూడ అంతే, 1945 ఆగస్టు 6 పొద్దుగాల వేలమంది బడిపిల్లలు, ఆడపిల్లలు మగపిల్లలు ఇద్దరూ, మంటలు పాకకుండ ఇండ్లు కూల్చి దారి చేసే పనిల సిటీ మధ్యల ఉన్నరు. బాంబు వాళ్ళ నెత్తి మీదనే పేలింది.

ఇది చదివి నీకు నిద్ర పట్టకపోతే అమ్మ దగ్గర పండుకో, అందుల సిగ్గేం లేదు. గానీ ఆ అబ్బాయిలకు మాత్రం చెప్పు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను సింగరేణి కార్మికుడిని, మా నాయన గూడ బాయిల తట్ట చెమ్మస్ పట్టినోడే. మా కొడుకు ఎంపీసీ ఫస్టియర్. టీవీల యుద్ధం చూసినప్పటి సంది చదువు బంద్ చేస్త, ఆర్మీకి పోత, దేశానికి ఇప్పుడే అవసరం అంటున్నడు. కొట్టలేను, ఒప్పుకోలేను. వాళ్ళమ్మ అన్నం తినుడు బంద్ చేసింది.
– గోదావరిఖని

జవాబు: అన్నా, ముందుగాల వదినెకు అన్నం తినమని చెప్పు, పిల్లగాడు తప్పు పని చేస్త అనలే కదా. వాని మనసు మంచిదే, టైమే తప్పు. వాని మీద ఒర్రకుండ్రి, పదిహేడేండ్ల పిల్లగాని మీద ఒర్రితే ఆ రోజు రాత్రే బస్సెక్కుతడు.

వాన్ని కూసోబెట్టి ఈ లెక్కలు చెప్పు. మన దేశంల బలవంతపు భర్తీ లేదు. యుద్ధమొచ్చిందని ఇంటర్ పిల్లలను ఎవ్వరూ పిలుస్తలేరు. ఆఫీసర్ కావాల్నంటే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఉంది, యూపీఎస్సీ యేడాదికి రెండుసార్లు పరీక్ష పెడ్తది, పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర యేండ్ల వయసు, 12వ తరగతి పాస్ కావాలె, సెకండియర్ల ఉన్నోళ్ళు గూడ రాయొచ్చు. ఎయిర్‌ఫోర్స్, నేవీకి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాలె, అంటే వాడు ఇప్పుడు ఇడిచిపెడ్త అంటున్న ఎంపీసీ. అగ్నివీర్‌ల పోవాల్నంటే గూడ పదిహేడున్నర నిండాలె, నాలుగేండ్ల సర్వీసు, అయినంక 25 శాతం మందిని మించి ఉంచుకోరు, మిగిలినోళ్ళు బయటికి రావాలె. అట్ల వచ్చిన రోజు చేతిల ఇంటర్ మెమో ఉంటే ఒక తీరు, లేకుంటె ఇంకో తీరు. పొద్దుగాల అయిదింటికి లేసి రన్నింగ్ చెయ్యి, నేనూ వస్త గ్రౌండ్‌కు అను. నైట్ షిఫ్ట్ ఉంటే వద్దులే గానీ మిగిలిన రోజులు నిజంగ పో.

అమెరికాల ఏమైందో గూడ చెప్పు. రెండో ప్రపంచ యుద్ధంల, 1942 నవంబర్‌ల ఆర్మీకి పిలిచే వయసు 18కి దించిన్రు, దాంతోని హైస్కూల్ ఆఖరి యేడు పిల్లలు మస్తుమంది మధ్యల ఇడిచి పోయిన్రు. 1944 జూన్‌ల జీఐ బిల్లు అని చట్టం తెచ్చి తిరిగొచ్చినోళ్ళకు చదువు ఖర్చులు సర్కారే పెట్టుకుంది, 78 లక్షల మంది దాని కింద చదువో ట్రైనింగో తీసుకున్నరు. అంటే అంత పెద్ద యుద్ధం గెలిచి వచ్చినోళ్ళకు గూడ మళ్ళ బెంచీ మీద కూసోవాల్సిన అవసరం పడ్డది. కొందరు ఎన్నడూ కూసోలేకపోయిన్రు. అసొంటోళ్ళకు చానా యేండ్ల తర్వాత, డెబ్బై ఎనభై యేండ్ల వయసుల, ఆ రాష్ట్రాల సర్కార్లు పిలిచి హైస్కూల్ డిప్లొమా ఇచ్చినయ్, మనవల ఈడు పిల్లల పక్కన నిలబడి తీసుకున్నరు. ఆ కాగితం ఇగ ఏ ఉద్యోగానికీ పనికిరాదు, అయినా వచ్చి తీసుకున్నరంటే అది లేని లోటు లోపల ఎంత ఉండెనో చూడు.

ఇగ ఇది నీకోసం అన్నా, బాయి మనిషివి కదా. బ్రిటన్‌ల అదే యుద్ధంల బొగ్గు తక్కువ పడ్డది, బాయి పనోళ్ళు ఆర్మీకి పోయిన్రు. 1943 డిసెంబర్ నుంచి ఏం చేసిన్రంటే 18 నిండి ఆర్మీకి పిలిచిన పిల్లల నంబర్లల్ల ఆఖరి అంకె లాటరీ తీసిన్రు, ఆ అంకె వచ్చినోడు తుపాకీ పట్టుడు లేదు, సక్కగ బొగ్గుబాయిల దిగుడే. అప్పటి లేబర్ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పేరు మీద వాళ్ళను బెవిన్ బాయ్స్ అన్నరు, మొత్తం 48 వేల మంది. మొన్నటిదాకా బళ్ళె ఉన్న పిల్లలు, ఎన్నడూ బాయి చూడనోళ్ళు. యూనిఫాం లేదు కాబట్టి రోడ్డు మీద జనం ఆపి ఆర్మీకి భయపడి తప్పించుకున్నవా అని అడిగేటోళ్ళు. యుద్ధం ముగిసినంక మెడల్ గూడ ఇయ్యలే, 2008ల ఒక బ్యాడ్జ్ ఇచ్చిన్రు, అప్పటికి వాళ్ళు ఎనభై దాటిన్రు. దేశం నడవాల్నంటే బొగ్గు గూడ కావాలె, కరెంట్ గూడ కావాలె, మీ నాయన తట్టల ఎత్తింది అదే. నీ కొడుకుకు ఆ మాట నువ్వే చెప్పు, నేను రాస్తే పని చెయ్యది.

ప్రశ్న: మేడం, నేను ప్రైవేట్ హైస్కూల్ టీచర్‌ని. 2025 మే నెలల పాకిస్తాన్‌తోని లొల్లి అయినంక బళ్ళు తెరిస్తే మా టెన్త్ క్లాసుల ఒక ముస్లిం పిల్లగాన్ని కొందరు పాకిస్తాన్ అని పిలుస్తున్నరు. వాడు నవ్వుతడు గానీ లంచ్‌ల ఒక్కడే కూసుంటున్నడు. హెడ్‌మాస్టర్‌కు చెప్తే పిల్లలు కదా వదిలెయ్ అన్నరు.
– హుజూరాబాద్

జవాబు: వదిలెయ్యకు తమ్మీ. నాకు ఈ ఉత్తరం చదివినంక అన్నం సహించలే.

1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులేసింది. ఆదివారం అది. సోమవారం బడికి పోయిన జపనీస్ అమెరికన్ పిల్లలను క్లాసుల ఎట్ల చూసుంటరో నువ్వే ఊహించుకో, వాళ్ళు అక్కడనే పుట్టిన్రు, అక్కడి జెండాకే పొద్దున సెల్యూట్ కొట్టెటోళ్ళు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన ఆర్డర్‌తోని సుమారు లక్షా 20 వేల మందిని ఇండ్ల నుంచి లేపి ముండ్లకంచెల నడుమ పెట్టిన్రు. వాళ్ళల్ల ఆ వసంతంల గ్రాడ్యుయేట్ కావాల్సిన ఆఖరి క్లాసు పిల్లలు ఉన్నరు, స్టేజీ ఎక్కకముందే రైలెక్కిన్రు. క్యాంపులల్ల చెక్క షెడ్లల్ల హైస్కూళ్ళు పెట్టుకున్నరు, మొదట్ల కుర్చీలు గూడ లేకుండె, అయినా టీములు పెట్టుకున్నరు, మాంజనార్ క్యాంపు లాంటి చోట ఆఖరి క్లాసోళ్ళ ఫొటోలతోని ఇయర్‌బుక్ గూడ తీసిన్రు. 1988ల అమెరికా సర్కార్ తప్పయింది అని చట్టం చేసి, బతికున్న ఒక్కొక్కరికి 20 వేల డాలర్లు ఇచ్చింది. అప్పటికి 46 యేండ్లు పోయినయ్.

నీకు చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నరు. శాన్ డియాగో లైబ్రరీల పిల్లల సెక్షన్ చూసే క్లారా బ్రీడ్. తన లైబ్రరీకి వచ్చే పిల్లలను రైలెక్కిస్తున్నరని స్టేషన్‌కు పోయి, తన అడ్రస్ రాసి స్టాంప్ అంటించిన కార్డులు వాళ్ళ చేతులల్ల పెట్టింది, ఏం కావాల్నో రాయుండ్రి అన్నది. వాళ్ళు రాసిన్రు, ఆమె పుస్తకాలు పంపింది, సబ్బులు పంపింది, యుద్ధం అయ్యేదాకా పంపుతనే ఉంది. ఆ పిల్లలు రాసిన ఉత్తరాలు రెండు వందలకు పైగ ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌ల మ్యూజియంల ఉన్నయ్. ఆమె పెద్ద ఆఫీసరేం కాదు, నువ్వెట్లనో అట్ల.

రేపు పొద్దుగాల క్లాసుల వాన్ని నిలబెట్టి అందరి ముంగట జాలి చూపకు, అది ఇంకా నొప్పి. అనేటోళ్ళను ఒక్కొక్కన్ని విడిగ పిలువు, వాళ్ళ నాయనకు ఫోన్ చెయ్యి, నీ కొడుకు ఇట్ల అంటున్నడు అని సాఫ్‌గ చెప్పు. లంచ్‌ల నీ టిఫిన్ పట్టుకపోయి వాని పక్కన కూసో, రెండు రోజులల్ల ఇంకిద్దరు వస్తరు, నేను చూసిన ఇది. హెడ్‌మాస్టర్‌ను మళ్ళ అడుగు. మూడోసారి గూడ అడుగు.

ప్రశ్న: మన దగ్గర గూడ రజాకార్ల టైంల బళ్ళు బంద్ అయినయా?
– జనగామ

జవాబు: బంద్ అయిన ఊర్లున్నయ్, మనుషులే మిగలని ఊర్లు గూడ ఉన్నయ్. 1947 సెప్టెంబర్ 2న పరకాలల జెండా ఎత్తబోయినోళ్ళ మీద కాల్పులు జరిగినయ్, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిల ఊరి మగోళ్ళను వరుసల నిలబెట్టి కాల్చిన్రు, ఆ తర్వాత సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్. ఇక అంతకుముందే, 1938ల వందేమాతరం పాడినందుకు హైదరాబాద్, వరంగల్‌ల స్టూడెంట్లను కాలేజీల నుంచి తీసేస్తే నాగపూర్ పోయి చదువుకున్నరు, మన పి.వి.నరసింహారావు గారు గూడ వాళ్ళల్ల ఒకరు. 1947 ఆగస్టుల జాయిన్ ఇండియా ఉద్యమం పిలుపుకు గూడ పిల్లలు బళ్ళిడిచి బయటికొచ్చిన్రు. మీ జనగామ దిక్కు ఊర్లల్ల తొంభై దాటిన అవ్వలు తాతలు ఇంకా కొందరున్నరు, అప్పుడు పన్నెండేండ్లు పదిహేనేండ్లు వాళ్ళకు. ఈ ఆదివారమే పోయి ఏ క్లాసుల బడి ఆగింది అని అడుగు, ఫోన్‌ల రికార్డ్ చెయ్యి, ఏమన్నా పెద్దగ రాయాల్నని కాదు, వాళ్ళు పోతే ఆ ముచ్చట పోతది.

ప్రశ్న: మేడం, నేను 2022ల ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగల వచ్చిన మెడికల్ స్టూడెంట్‌ని. సెకండియర్‌ల ఉంటిమి. వచ్చినంక మా ప్రొఫెసర్లు ఆన్‌లైన్ క్లాసులు చెప్పిన్రు, ఒక మేడం వెనక గోడకు ప్లాస్టర్ గూడ లేకుండె, బేస్‌మెంట్ల కూసొని అనాటమీ చెప్పింది, మధ్యల సైరన్ వినిపిస్తే సారీ చెప్పి మళ్ళ మొదలుపెట్టేది. తర్వాత నేను వేరే దేశానికి మారి కోర్సు పూర్తి చేసిన. ఉక్రెయిన్‌ల మా హాస్టల్ పక్కింటి పిల్లగాడు అప్పుడు పదకొండో క్లాసు, వాళ్ళకు అదే ఆఖరి క్లాసు, నాకు ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేస్త అని వచ్చేటోడు, నన్ను అక్కా అనుడు నేర్చుకున్నడు. బస్సెక్కేటప్పుడు చెయ్యూపిండు. ఇప్పటిదాకా మెసేజ్ చెయ్యలే. ఏమైందో అని భయం. బతికొచ్చిన అని సిగ్గు గూడ.
– హనుమకొండ

జవాబు: అమ్మా, ఆ ఫిబ్రవరి, మార్చిల 22 వేలకు పైగ మన పిల్లలు తిరిగొచ్చిన్రు, నేను టీవీ ముంగట కూసొని మన వరంగల్ పిల్లల మొఖాలు వెతికిన. నువ్వొచ్చినందుకు నీకు సిగ్గెందుకు, నువ్వు అక్కడ ఉంటే ఆ పిల్లగానికి ఏం లాభమయ్యేది? ఒక తినే నోరు ఎక్కువ. ఆ బేస్‌మెంట్ మేడం ఎందుకు చెప్పిందో నీకు తెలుసు, నువ్వు డాక్టర్ కావాల్ననే, అయినవ్.

ఆ పిల్లగాడు ఇప్పుడు ఇరవై దాటి ఉంటడు. 18 నుంచి 60 యేండ్ల మగోళ్ళను యుద్ధం మొదలైన దగ్గర్నుంచి దేశం దాటనియ్యలే, 2025 ఆగస్టు చివర 22 యేండ్ల దాకా ఉన్నోళ్ళకు పోవచ్చని సడలింపు ఇచ్చిన్రు. కాబట్టి అక్కడనే ఉండొచ్చు, ఇంకో దేశంల చదువుతుండొచ్చు, సైన్యంల ఉండొచ్చు. నువ్వు భయపడేది గూడ అయ్యుండొచ్చు, ఆ సంగతి నేను దాచను. కానీ నాలుగేండ్లు మోసిన భయం కన్నా తెలిసిన దుఃఖం తేలిక, నా ఇంట్ల జరిగినయ్ చూసి చెప్తున్న.

మెసేజ్ చెయ్యి. బాగున్నవా, యుద్ధం ఎట్లుంది అని అడగకు, అది వాన్ని రోజూ అందరూ అడుగుతరు. ఆ యేడు ఆ కంప్యూటర్ పరీక్ష రాసినవా, లెక్కలల్ల ఎన్ని వచ్చినయ్ అని అడుగు. అక్కను అని ముందుగాల తెలుగుల రాయి, గుర్తుపడ్తడు. టైం చూసుకొని చెయ్యి, ఎండకాలమైతే వాళ్ళు మనకంటె రెండున్నర గంటలు వెనక, చలికాలమైతే మూడున్నర, నువ్వు డ్యూటీ దిగే రాత్రి తొమ్మిదింటికి వాళ్ళకింకా సాయంత్రమే.